స్టూవర్ట్ హాల్: పాఠ్యపుస్తకాలు వదిలేసిన సగం

జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ కోర్సులు చదివినవాళ్లకు బ్రిటన్‌లో మీడియా, సంస్కృతి మీద పనిచేసిన ఆలోచనాపరుడు స్టూవర్ట్ హాల్ అనగానే ఒక బొమ్మ గుర్తొస్తుంది. ఒక పక్క ఎన్‌కోడింగ్ (తయారుచేసేవాళ్లు అర్థం పొదగడం), ఇంకో పక్క డీకోడింగ్ (చూసేవాళ్లు అర్థం తీసుకోవడం), నడుమ టీవీ కార్యక్రమం. దాని కింద మూడు రకాల ప్రేక్షకులు: చెప్పింది చెప్పినట్టు ఒప్పుకునేవాళ్లు, కొంత ఒప్పుకుని కొంత బేరమాడేవాళ్లు, అసలు ఒప్పుకోనివాళ్లు. పరీక్షలో జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాక చాలామందికి మిగిలేది ఒకే ముక్క: ఎవరికి తోచిన అర్థం వాళ్లది, ప్రేక్షకుడే రాజు. చానళ్లు నడిపేవాళ్లకు కూడా ఈ మాట భలే సౌకర్యం. చూపించడం వరకే మా పని, ఎలా తీసుకోవాలన్నది జనం ఇష్టం అని చేతులు దులిపేసుకోవచ్చు.

హాల్ చెప్పింది అది కాదు. ప్రేక్షకుడి తెలివిని ఆయన ఎక్కడా తక్కువ చేయలేదు, నిజమే. కానీ ఆయన్ను జీవితాంతం వెంటాడిన ప్రశ్న వేరు. జరిగినదానికి మొదట పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఆ పేరును కాదనేవాళ్లు కూడా చివరికి ఆ పేరు చుట్టూనే ఎందుకు వాదించాల్సి వస్తుంది? ఇది వదిలేసి మూడు రకాల ప్రేక్షకుల్ని మాత్రమే నేర్పితే చేతికి వచ్చేది సగం హాల్. అందులోనూ అంత ముఖ్యం కాని సగం.

ఆ ప్రశ్న ఆయనకు ఇంట్లోనే ఎదురైంది. హాల్ 1932 ఫిబ్రవరి 3న జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పుట్టారు. అప్పటికి జమైకా బ్రిటిష్ వలస. తండ్రి యునైటెడ్ ఫ్రూట్ కంపెనీలో గుమాస్తాగా చేరి చీఫ్ అకౌంటెంట్ దాకా ఎదిగారు. మధ్యతరగతి కుటుంబం, మిశ్రమ జాతి మూలాలు. ఒంటి రంగు ఎంత తేలికైతే అంత గౌరవం అన్న లెక్క ఆ సమాజంలో గడపగడపకూ ఉండేది. ఆ ఇంట్లో అందరికంటే నల్లగా పుట్టింది స్టూవర్టే. ఉయ్యాల్లో తమ్ముణ్ణి చూసి అక్క 'ఈ కూలీ పిల్లాణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చారు?' అందని ఇంట్లో జోక్‌గా చెప్పుకునేవారట. జమైకాలో కూలీలంటే ఒప్పందాల మీద ఇండియా నుంచి తోటల పనికి తరలించిన వాళ్లూ, వాళ్ల సంతానమూ. నల్లవాళ్లు ఎక్కువగా ఉన్న దేశంలో, రంగు తక్కువైన పిల్లాడి మీద వేసే జోక్‌కి ఇంకా కింది మెట్టు మీదున్న భారతీయుడు కావలసి వచ్చాడన్నమాట.

కొన్నేళ్ల తరవాత అదే అక్క ఒక నల్లజాతి మెడికల్ స్టూడెంట్‌ను ఇష్టపడింది. కుర్రాడు చదువుకున్నవాడు, మంచివాడు. కానీ రంగు కుదరలేదు. తల్లిదండ్రులు ససేమిరా అన్నారు. ఆమె మానసికంగా కుప్పకూలింది, కరెంటు షాకుల చికిత్స దాకా వెళ్లింది. అప్పటికి హాల్ వయసు 17. వలస పాలన అంటే గవర్నరు బంగళా, పోలీసులు, పన్నులు మాత్రమే కాదని, అది ఇంటి మనుషుల మనసుల్లోకి దూరి ఎవర్ని ప్రేమించాలో కూడా నిర్ణయిస్తుందని ఆయన అప్పుడే గ్రహించారు. బయటి చరిత్ర వేరు, ఇంటి లోపలి బతుకు వేరు అన్న తేడా తనకు ఆ రోజుతో చెరిగిపోయిందని తరవాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు.

1951లో రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీకి వచ్చారు. ఇంగ్లిష్ సాహిత్యం చదివారు. హెన్రీ జేమ్స్ నవలల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. కరీబియన్ దీవుల నుంచి వేలమంది ఓడలెక్కి బ్రిటన్‌కు పనికోసం వస్తున్న కాలం అది. సెలవులకు ఇంటికెళ్తే తల్లి అడిగిందట, అక్కడ నిన్ను కూడా ఆ వలస వచ్చినవాళ్లలో ఒకడనుకోవడం లేదు కదా అని. అనుకుంటున్నారు. తను కూడా వలసవాడినేనన్న సంగతి ఆ ప్రశ్న విన్నాకే తనకు తట్టిందని హాల్ రాశారు.

1956 ఆయన్ను రాజకీయాల్లోకి లాగింది. ఒకే సమయంలో సోవియట్ ట్యాంకులు హంగరీలోకి, బ్రిటన్, ఫ్రాన్స్ సేనలు ఈజిప్టు మీదికి వెళ్లాయి. రెండు శిబిరాల మీదా నమ్మకం పోయిన యువకులు 1957లో ఒక వామపక్ష పత్రిక పెట్టారు. 1960లో అది మరో పత్రికతో కలిసి న్యూ లెఫ్ట్ రివ్యూ అయింది. దానికి మొదటి ఎడిటర్ హాల్. వయసు 28.

ఈ ఎడిటర్ పనికి సమాంతరంగా ఆయన చేసిన ఇంకో పని గురించి తక్కువగా చెప్పుకుంటారు. దక్షిణ లండన్‌లో మామూలు ఇళ్ల పిల్లలు చదివే సెకండరీ స్కూళ్లలో పాఠాలు చెప్పారు. ఆ పిల్లలకు సిలబస్‌లోని కవిత్వం తలకెక్కదు, సినిమాలూ పాప్ పాటలూ నోటికి వచ్చు. మేష్టార్లలో రెండు వర్గాలు. ఇదంతా చెత్త, పిల్లల్ని దూరంగా ఉంచాలన్నవాళ్లు కొందరు. పిల్లలకు నచ్చింది కాబట్టి గొప్పదే అన్నవాళ్లు కొందరు. హాల్, పాడీ వానెల్ కలిసి 1964లో రాసిన 'ది పాపులర్ ఆర్ట్స్' రెండింటికీ తలొగ్గదు. సినిమాను సినిమాగా, జాజ్‌ను జాజ్‌గా చూసి అందులోనే మంచిచెడులు తేల్చాలంటుంది. ఇవాళ ఆ పుస్తకం కాస్త పంతులు ధోరణిలో ఉందనిపిస్తుంది. ఏది అసలు సరుకు, ఏది నకిలీ అని తూకం వేసే అలవాటు దాన్ని ఇంకా వదల్లేదు. అయినా క్లాసురూంలోకి సినిమాను సీరియస్‌గా తెచ్చిన తొలి ఇంగ్లిష్ పుస్తకాల్లో అదొకటి.

అదే ఏడాది సాహిత్య విమర్శకుడు రిచర్డ్ హొగార్ట్ బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో సమకాలీన సంస్కృతుల అధ్యయన కేంద్రం మొదలుపెట్టి హాల్‌ను పిలిపించుకున్నారు. 1968లో హొగార్ట్ యునెస్కోకు వెళ్లడానికి సిద్ధమైనప్పటి నుంచి బాధ్యత హాల్ మీద పడింది, 1979 దాకా ఆయనే నడిపారు. చిన్న సంస్థ, డబ్బు తక్కువ. ఇంగ్లిష్ శాఖ, సోషియాలజీ శాఖ రెండూ అనుమానంగా చూసేవి. గురువు చెబితే శిష్యులు రాసుకునే పద్ధతి అక్కడ లేదు. విద్యార్థులూ అధ్యాపకులూ గ్రూపులుగా కూర్చుని చదివేవారు, కలిసి రాసేవారు, రాసినదాన్ని సైక్లోస్టైల్ తీసి పంచేవారు. హాల్‌ను ప్రపంచమంతా చదివేలా చేసిన ఎన్‌కోడింగ్, డీకోడింగ్ వ్యాసం కూడా 1973లో అలా స్టెన్సిల్ కాపీగా బయటికొచ్చిందే.

ఆ వ్యాసం ఎవరికి జవాబుగా రాశారో తెలిస్తే దాని పదును తెలుస్తుంది. అప్పటిదాకా మీడియా పరిశోధన అంటే పంపేవాడు, సందేశం, అందుకునేవాడు అనే తిన్నని గీత. టీవీలో హింస చూస్తే పిల్లలు ఎంత చెడిపోతారు అన్నట్టుగా లెక్కలు కట్టడం. సందేశం సరిగా అందకపోతే దారిలో ఏదో లోపం జరిగిందనుకునేవారు. హాల్ ఈ గీతను తుంచేశారు. తయారుచేసే చోట ఒక అర్థం పడుతుంది, చూసే చోట ఒక అర్థం పుడుతుంది. రెండింటికీ వేర్వేరు పరిస్థితులుంటాయి. అవి కలవకపోతే అది ప్రసార లోపం కాదు, సమాజంలో ఉన్న తేడా తెర మీద కనబడటం.

ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇప్పటికీ పాతబడలేదు. జీతాల పెంపును ఆపాలని, సమ్మె హక్కుకు హద్దులు పెట్టాలని టీవీలో చర్చ నడుస్తోంది. దేశ ప్రయోజనాల దృష్ట్యా తప్పదంటున్నారు. చూస్తున్న కార్మికుల్లో ఒకడు నిజమే కదా, దేశం బాగుంటేనే మనం బాగుంటాం అనుకుంటాడు. ఇంకొకడు దేశం సంగతి సరే అంటాడు గానీ, తన ఫ్యాక్టరీలో జీతం పెంచకపోతే మర్నాడు సమ్మెకు దిగుతాడు. రెండు ఆలోచనలకూ పొత్తు కుదరకపోయినా అతనికేమీ ఇబ్బంది లేదు, మనలో చాలామంది బతికేది అలాగే. మూడోవాడు 'దేశ ప్రయోజనం' అన్న ప్రతిసారీ దాన్ని 'యజమానుల ప్రయోజనం' అని మార్చుకుని వింటాడు.

పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. వ్యాసం ఆగదు. ఒక కార్యక్రమానికి చాలా అర్థాలు ఉండొచ్చు గానీ అవన్నీ సమానం కావని హాల్ నొక్కి చెబుతారు. అర్థాలు పలు రకాలుగా ఉండటాన్ని ప్రజాస్వామ్యం అనుకుని పొరబడొద్దంటారు. మూడోవాడు ఎంత గట్టివాడైనా అతను మార్చుకుంటున్నది వేరేవాళ్లు ఎంచిన మాటనే. చర్చ 'దేశ ప్రయోజనం' గురించి అని అప్పటికే నిర్ణయమైపోయింది. లాభాల పంపకం గురించిన చర్చగా అది ఎందుకు మొదలుకాలేదు? హాల్ అడిగేది అదీ.

బర్మింగ్‌హామ్ కేంద్రంలో ఆయనతో పనిచేసిన డేవిడ్ మోర్లీ ఈ సూత్రాన్ని నిజం మనుషుల మీద పరీక్షించారు. బీబీసీలో సాయంత్రంపూట వచ్చే నేషన్‌వైడ్ అనే కార్యక్రమాన్ని రకరకాల గ్రూపులకు చూపించి మాట్లాడించారు. 1980లో ఫలితాలు అచ్చయ్యాయి. వర్గాన్ని బట్టే అర్థం ఉంటుందన్న అంచనా నిలవలేదు. బ్యాంకు మేనేజర్లూ, పని నేర్చుకుంటున్న అప్రెంటిస్ కుర్రాళ్లూ దాదాపు ఒకేలా ఒప్పుకున్నారు. ఫ్యాక్టరీల్లో యూనియన్ పని చేసే షాప్ స్టివర్డులు మండిపడ్డారు. నల్లజాతి విద్యార్థులు ఒప్పుకోనూ లేదు, ఎదిరించనూ లేదు. ఇది మా గురించి కానే కాదని పట్టించుకోవడం మానేశారు. హాల్ గీసిన మూడు గళ్లలో దేనిలోనూ ఇమడని జవాబు ఇది. నమూనాకు ఇది పెద్ద దెబ్బే, అయినా ఆయన దాన్ని కాపాడుకోవడానికి పెద్దగా తాపత్రయపడలేదు. అదేదో పెద్ద సిద్ధాంతంగా తాను రాయలేదని తరవాతి ఇంటర్వ్యూల్లో అన్నారు.

ఆయన అసలు పని కనబడేది 1978లో నలుగురు సహచరులతో కలిసి రాసిన 'పోలీసింగ్ ది క్రైసిస్'లో. అది పుట్టింది ఒక కేసు నుంచి. 1972 నవంబరులో బర్మింగ్‌హామ్‌లోని హ్యాండ్స్‌వర్త్ ప్రాంతంలో ముగ్గురు కుర్రాళ్లు ఒక మనిషిని చితకబాది దోచుకున్నారు. దొరికింది 30 పెన్నీలు, కొన్ని తాళంచెవులు, ఐదు సిగరెట్లు. దాడి మాత్రం దారుణమైనదే. బాధితుడికి తీవ్రమైన దెబ్బలు తగిలాయి, పుస్తకం ఆ సంగతి దాచదు. 1973 మార్చిలో తీర్పు వచ్చింది. ఒకరికి 20 ఏళ్లు, మిగతా ఇద్దరికి పదేసి ఏళ్లు. అందరూ టీనేజర్లే.

ఇంత శిక్ష ఎందుకు పడింది? ఆ ఏడాది బ్రిటిష్ పత్రికల నిండా 'మగ్గింగ్' అనే మాట. అమెరికా నగరాల వార్తల్లోంచి దిగుమతైన పేరది. దారిన పోయేవాణ్ణి కొట్టి దోచుకోవడం బ్రిటన్‌కు కొత్తేమీ కాదు, చట్టంలో ఆ పేరుతో నేరమే లేదు. కొత్తగా వచ్చింది పేరు. ఆ పేరుతోపాటు న్యూయార్క్, నల్ల కుర్రాళ్లు, చీకటి వీధులు, చేయిదాటిపోతున్న నగరం అన్న బొమ్మ మొత్తం దిగింది. ఈ నేరాలు విపరీతంగా పెరిగాయనడానికి పోలీసు లెక్కల్లో గట్టి ఆధారం లేదని రచయితలు చూపించారు. పేపర్లో వార్త చూసి జడ్జి 'సమాజం ఆందోళనలో ఉంది' అని శిక్ష పెంచుతారు. జడ్జి మాటను పేపరు మర్నాడు హెడ్డింగ్ చేస్తుంది. ఆ హెడ్డింగ్ చూపించి పోలీసులు ప్రత్యేక దళాలు దింపుతారు. దళాలు దిగాక అరెస్టులు పెరుగుతాయి. అరెస్టులు పెరిగాయని మళ్లీ వార్త.

దీన్ని కుట్ర అనడానికి హాల్ ఒప్పుకోరు. ఆయన విశ్లేషణకు బలం అక్కడే ఉంది. రిపోర్టర్లు నిజాయితీపరులే కావచ్చు. కానీ డెడ్‌లైన్ ఉంటుంది, నమ్మదగ్గ సోర్సు కావాలి. నేరం గురించి నమ్మదగ్గ సోర్సులు ఎవరు? పోలీసులు, జడ్జీలు, మంత్రులు. నిష్పాక్షికంగా ఉండాలన్న నియమమే రిపోర్టర్‌ను అధికారుల గుమ్మం దగ్గరికి తీసుకెళ్తుంది. మొదటి మాట వాళ్లది అవుతుంది. తరవాత మాట్లాడేవాళ్లు, ఎదిరించేవాళ్లు సైతం, ఆ మాటకు జవాబు చెప్పుకోవాల్సిందే. ఆ మొదటి మాట చెప్పేవాళ్లకు ఆయన 'తొలి నిర్వచనకర్తలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. జిల్లా డెస్కులో క్రైమ్ వార్తలు చూసిన తెలుగు విలేకరులకు ఈ భాగం విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రెస్‌మీట్‌లో ముసుగులేసి నిలబెట్టిన నిందితుల ఫొటో మర్నాటి పేపర్లో వస్తుంది, రెండేళ్ల తరవాత కోర్టు కొట్టేసిన సంగతి రాదు.

ఈ రెండు రచనల్నీ పక్కపక్కన పెడితే 1973 వ్యాసం మరోలా చదువుకోవాల్సి వస్తుంది. ప్రేక్షకుడికి స్వేచ్ఛ ఉంది, కానీ ఆట స్థలం అతను గీసింది కాదు. ఇటాలియన్ మార్క్సిస్టు గ్రాంసీ దగ్గర హాల్ నేర్చుకున్న సూత్రం ఇదే: పాలించేవాళ్లు లాఠీతో మాత్రమే నెగ్గరు, జనం తమంతట తాము ఔననేలా చేసుకుంటారు. ఆ ఒప్పుదల ఒకసారి సంపాదిస్తే చాలదు, రోజూ సంపాదించుకోవాలి. సినిమాలు, సీరియళ్లు, పాటలు, వార్తలు ఈ బేరం నడిచే చోట్లు. 1981లో పాపులర్ కల్చర్ మీద రాసిన వ్యాసం చివర ఆయన కుండబద్దలు కొట్టారు. ఈ పోరాటం జరిగే స్థలాల్లో ఒకటి కాబట్టే పాపులర్ కల్చర్ ముఖ్యం, లేకపోతే నిజం చెప్పాలంటే దానితో నాకేం పని లేదు అన్నారు. ఈ రంగంలో అంత పేరున్న మనిషి నోట ఇంత కటువైన మాట రావడం విశేషమే. సీరియల్ చూసేవాళ్లంతా మూర్ఖులన్న వాదాన్నీ, జనం మెచ్చిందల్లా జనం గొంతే అన్న వాదాన్నీ ఆ ఒక్క వ్యాసంలో పక్కకు నెట్టారు.

ఈ పద్ధతిని ఎన్నికల రాజకీయాలకు వర్తింపజేసినప్పుడు సొంతవాళ్లకే కోపం వచ్చింది. 1979 జనవరిలో, అంటే కన్సర్వేటివ్ నాయకురాలు మార్గరెట్ థాచర్ ఎన్నికల్లో గెలవడానికి నాలుగు నెలల ముందు, మార్క్సిజం టుడే పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశారు. ఇది మామూలుగా ప్రభుత్వం మారడం కాదని, ఆమె జనం మనసులో ఉన్న చిరాకులను తన భాషలోకి తిప్పుకుంటోందని హెచ్చరించారు. థాచరిజం అన్న పేరు చలామణీలోకి రావడానికి ఆ వ్యాసం పెద్ద కారణం. యూనియన్ ఆఫీసులో విసుగు, కౌన్సిల్ ఇంటి (స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇల్లు) రిపేరుకు నెలల తరబడి ఎదురుచూపు, పెరిగే ధరలు ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. వామపక్షం వాటికి మాటలు వెతుక్కోలేదు, థాచర్ వెతుక్కున్నారు. జనం మోసపోయారనడం తేలిక, వాళ్లకు ఆ మాటలు ఎందుకు తగిలాయో చూడాలన్నది హాల్ వాదన. 1984లో మార్క్సిస్టు సిద్ధాంతవేత్త బాబ్ జెసప్ తదితరులు గట్టిగానే విమర్శించారు. భావజాలానికి అంత బరువిస్తే ఆర్థిక విధానాలు, ఎవరికి ఏం ఒరిగిందన్న లెక్క వెనక్కి పోతాయన్నారు. ఆ విమర్శలో పస ఉంది. హాల్ వ్యాసాల్లో థాచర్ మాటల గురించి ఉన్నంత వివరం ఆమె బడ్జెట్ల గురించి దొరకదు.

1979లోనే ఆయన బర్మింగ్‌హామ్ వదిలి ఓపెన్ యూనివర్సిటీకి వెళ్లి 1997లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. డిగ్రీ లేనివాళ్లు, ఉద్యోగాలు చేసుకుంటూ చదువుకునేవాళ్లు, ఇల్లాళ్లు అక్కడి విద్యార్థులు. పాఠాలు బీబీసీలో వేళ కాని వేళల్లో వచ్చేవి. టీవీని విశ్లేషించిన మనిషే టీవీలో మేష్టారయ్యారు. ఆ 1979లోనే బీబీసీలో ప్రజాసంఘాలకిచ్చే స్లాట్‌లో జాత్యహంకారం మీద ఒక కార్యక్రమం సమర్పించారు. అందులో బీబీసీ సొంత చర్చల క్లిప్పింగులనే వేసి, సమతూకం పేరుతో వలస వచ్చినవాళ్లను ఒక 'సమస్య'గా ఎలా చూపిస్తున్నారో విడమరిచారు. సంస్థకు నచ్చలేదు. ఆ అరగంట కార్యక్రమం చూస్తే ఆయన సిద్ధాంతం పనిచేయడం కళ్లారా కనిపిస్తుంది.

తరవాతి రచనల్లో దృష్టి అస్తిత్వం మీదికి మళ్లింది. మనిషి గుర్తింపు పుట్టుకతో అచ్చుపడేది కాదని, చరిత్రతో పాటు మారుతుందని అన్నారు. ఇంగ్లిష్‌వాళ్లకు ప్రాణమైన టీ కప్పు అడుగున ఉన్న చక్కెరను నేనే అన్న మాట ఈ దశలోదే. చక్కెర కరీబియన్ బానిసల చెమట, టీ ఆకు ఇండియా, సిలోన్ తోటలది, ఆయన ఆ మాట అన్ననాటికి ఇంగ్లండ్‌లో ఒక్క టీ తోటా లేదు. మరి ఇంగ్లిష్‌తనం అంటే ఏమిటని ఆయన ప్రశ్న. ఈ రచనలు అమెరికా యూనివర్సిటీల్లో విపరీతంగా చెలామణీ అయ్యాయి. అక్కడే ఆయన ఆలోచనల్లోని రాజకీయం కాస్త పలచబడిందని కూడా చెప్పాలి.

తెలుగు నేలకు ఈ ఆలోచనలు ఎక్కువగా సినిమా దారిలో వచ్చాయి. 1990ల నుంచి ఎస్.వి.శ్రీనివాస్ చిరంజీవి అభిమాన సంఘాల మీద చేసిన పని అందుకు మంచి ఉదాహరణ. కటౌట్లకు పాలాభిషేకాలు చేసేవాళ్లను చూసి పిచ్చి అని నవ్వడమో, భక్తి అని సరిపెట్టుకోవడమో అప్పటిదాకా అలవాటు. ఆ భక్తిలో ఒక హక్కు దాగి ఉందని శ్రీనివాస్ చూపించారు. హీరో ఎలా ఉండాలో అభిమాని నిర్దేశిస్తాడు, అలా లేకపోతే తిరగబడతాడు. హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ)లో కల్చరల్ స్టడీస్‌కు ప్రత్యేకంగా ఒక శాఖే ఉంది. అయితే ఈ చర్చ చాలావరకు ఇంగ్లిష్‌లోనే జరిగింది. అభిమాన సంఘాల మీద రాసింది అభిమాన సంఘాల వాళ్లు చదువుకునే వీలు లేకపోయింది. ఓపెన్ యూనివర్సిటీని ఎంచుకున్న హాల్‌కు ఇది నచ్చేది కాదు.

డీకోడింగ్‌కు ఇక్కడి నుంచి ఒక ఉదాహరణ ఎంచాలంటే సినిమా కంటే నెల్లూరు జిల్లా దూబగుంట మేలు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం రాత్రిబడుల్లో వాచకాలు పంచింది. ఆడవాళ్లు ఒక్కటై ఊళ్లో సారా కొట్టు మూయించిన కథ ఒక పాఠంగా ఉంది. ప్రభుత్వం దృష్టిలో అది చదవడం, రాయడం నేర్పే సాధనం. అదే ప్రభుత్వ ఖజానాకు సారా వేలం పెద్ద ఆదాయం. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠాన్ని అక్షరాల కోసం చదివి ఊరుకోలేదు, మనమూ చేయొచ్చు అనుకుని చేసి చూపించారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఇక్కడ అర్థం ఒంటరిగా టీవీ ముందు కూర్చున్న మనిషి బుర్రలో పుట్టలేదు. గుంపుగా కూర్చుని చదివి, మాట్లాడుకుని, ఇంట్లో తాగొచ్చే మగాళ్లను తలుచుకుని పుట్టించుకున్నది. తొలి నిర్వచనం కాసేపు అధికారుల చేయి జారింది. సారా అంటే ఎక్సైజ్ లెక్క కాదని, ఇంట్లో పొయ్యి వెలగకపోవడమని పేర్లు మారిపోయాయి. మూడు గళ్ల బొమ్మలో ఇది చూపించడం కష్టం.

హాల్ 2014 ఫిబ్రవరి 10న లండన్‌లో 82 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన నిర్మించిన బర్మింగ్‌హామ్ విభాగాన్ని యూనివర్సిటీ అంతకు పన్నెండేళ్ల ముందే, 2002లో మూసేసింది. బతికుండగా ఒక్కరుగా పెద్ద సిద్ధాంత గ్రంథమేదీ రాయలేదు. వ్యాసాలు, ఉపన్యాసాలు, ఇతరులతో కలిసి రాసినవే. కొందరు దాన్ని లోటంటారు. అప్పటికప్పుడు ఎదురైన సంగతికి జవాబు చెబుతూ పోయిన మనిషికి ఆ రూపమే సరిపోయింది. కాకపోతే దానివల్ల ఒక నష్టం జరిగింది. ముక్కలుగా ఉన్న పని నుంచి ఎవరికి కావలసిన ముక్క వాళ్లు తీసుకుపోయారు, అందరికంటే తేలికైన ముక్క సిలబస్‌కెక్కింది. కొత్తగా చదవాలనుకునేవాళ్లు 1973 వ్యాసాన్ని కాసేపు పక్కన పెట్టి 'పోలీసింగ్ ది క్రైసిస్'లో వార్తలు ఎలా తయారవుతాయో చెప్పే మూడో అధ్యాయంతో మొదలుపెట్టడం మంచిది. ఆ తరవాత 1981 నాటి పాపులర్ కల్చర్ వ్యాసం చదివి, అప్పుడు డయాగ్రమ్ దగ్గరికి వస్తే సరిపోతుంది.